పన్ను కట్టిన ఊరు లెక్క అడుగుతుంది

(తెలంగాణలో కొత్తగా ఎన్నికైన సర్పంచులు, ఉపసర్పంచులు, వార్డు సభ్యుల శిక్షణ తరగతిలో ఒక విశ్రాంత ఆడిట్ అధికారి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సర్పంచులకు, ఉపసర్పంచులకు, వార్డు సభ్యులకు, వెనక వరుసల్లో కూర్చున్న పంచాయతీ కార్యదర్శులకు పేరుపేరునా నమస్కారం. నాకు ఇచ్చిన అంశం నిధుల నిర్వహణ. ఉద్యోగం చేసినన్నాళ్లూ పంచాయతీల క్యాష్ బుక్కులు, వోచర్లు, కొలతల పుస్తకాలు తిరగేసినవాణ్ని. పైనుంచి నిధులు తెచ్చుకునే మార్గాలు చెప్పడానికి నాకన్నా సమర్థులు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఊళ్లోకి వచ్చిన డబ్బు ఎటు పోతుందో, ఎందుకు నిలవదో మాత్రం నేను చెప్పగలను.

మీలో చాలామంది గెలిచిన మర్నాడే ఎమ్మెల్యే గారి దగ్గరికి వెళ్లి ఉంటారు. ఊరికి సీసీ రోడ్డు కావాలి, కమ్యూనిటీ హాలు కావాలి అని అడిగి ఉంటారు. అడగడం తప్పేమీ కాదు. కానీ ఒక్క విషయం ఆలోచించండి. అడిగి తెచ్చుకున్న డబ్బు ఏ పనికో ముందే రాసి వస్తుంది. ఆ డబ్బుతో మీరు నిర్ణయించగలిగేది చాలా తక్కువ. మీ పంచాయతీ పైవాళ్ల కట్టుబాట్లు లేకుండా సొంతంగా నిర్ణయం తీసుకుని ఖర్చు పెట్టగలిగేది సాధారణ నిధి ఒక్కటే. ఆ సాధారణ నిధికి ముఖ్య మూలం మీ ఊరి ఇంటి పన్ను. ఈ పూట నేను మాట్లాడేదంతా ఆ ఇంటి పన్ను చుట్టూనే తిరుగుతుంది.

ముందు కొన్ని అంకెలు చూద్దాం. రిజర్వ్ బ్యాంకు 2024 జనవరిలో దేశంలోని పంచాయతీరాజ్ సంస్థల ఆర్థిక స్థితి మీద ఒక నివేదిక ఇచ్చింది. పంచాయతీల మొత్తం ఆదాయంలో సొంత పన్నుల ద్వారా వచ్చేది 1 శాతం దగ్గర ఉంది. కేంద్రం నుంచి వచ్చే గ్రాంట్లు 80 శాతం, రాష్ట్రాల నుంచి వచ్చేవి 15 శాతం. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పదకొండో షెడ్యూలులో 29 అంశాలు పంచాయతీలకు అప్పగించదగ్గవని రాసుకున్నాం. వాటిలో ఎన్నింటిని అప్పగించాలో రాష్ట్రాల ఇష్టానికి వదిలేశాం. ఇన్నేళ్ల తర్వాత కూడా నూటికి 95 రూపాయలకు పైవాళ్ల వైపు చూసే సంస్థను స్థానిక ప్రభుత్వం అని ఎలా పిలవగలం? నాకు ఇది బాధ కలిగించే విషయం. మీకూ బాధ కలగాలి.

ఆర్థిక సంఘం సిఫారసు మీద కేంద్రం ఇచ్చే డబ్బు పెద్ద మొత్తమని మీకు అనిపించవచ్చు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు ఐదేళ్లకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలన్నింటికీ కలిపి సిఫారసు చేసింది 2,36,805 కోట్ల రూపాయలు. వినడానికి ఘనంగా ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం గ్రామాల్లో ఉన్నవాళ్లు సుమారు 83 కోట్లు. భాగించి చూడండి. ఒక మనిషికి ఏడాదికి సుమారు 570 రూపాయలు. అందులోనే మండల పరిషత్తుకు, జిల్లా పరిషత్తుకు వాటా పోవాల్సి ఉండేది. మిగిలిన దాంట్లో 60 శాతానికి కట్టుబాటు ఉండేది. 30 శాతం తాగునీటికి, వాననీటి సంరక్షణకు. ఇంకో 30 శాతం పారిశుద్ధ్యానికి. చివరి 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చన్నారు, కానీ జీతభత్యాలకు, కార్యాలయ నిర్వహణ ఖర్చులకు వాడకూడదన్నారు.

ఇప్పుడు మీ నెలవారీ ఖర్చు చూడండి. 2019లో పల్లె ప్రగతి మొదలయ్యాక మన ఊరూరికీ ట్రాక్టరు వచ్చింది, ట్యాంకరు వచ్చింది, నర్సరీ వచ్చింది, డంపింగ్ యార్డు, వైకుంఠధామం అనే శ్మశానవాటిక వచ్చాయి. మంచి ఆస్తులే. కాదనను. కానీ ట్రాక్టరుకు నెలనెలా కిస్తీ ఉంది, డీజిలు ఉంది, డ్రైవరు ఉన్నాడు. మల్టీపర్పస్ కార్మికుల వేతనం ఉంది. వీధి దీపాల కరెంటు బిల్లు ఉంది. ఎండాకాలం నడిమధ్యలో బోరు మోటారు కాలిపోతే దాని వైండింగు ఖర్చు ఉంది. చాలా ఊళ్లలో చెత్త వేరుచేసే షెడ్డు చక్కగా రంగులు వేసి ఉంటుంది, లోపల మాత్రం ఎరువు తయారు కాదు, ఎందుకంటే చెత్త వేరుచేసే మనిషికి ఇచ్చే కూలికి పద్దు లేదు. కట్టడానికి పథకం ఉంటుంది, ప్రారంభోత్సవానికి శిలాఫలకం ఉంటుంది, నడపడానికి పైసా ఉండదు. ఆ పైసా మీ సాధారణ నిధి నుంచే రావాలి.

పైనుంచి వచ్చే డబ్బు ఎప్పుడు ఆగుతుందో కూడా మన చేతిలో లేదు. మన రాష్ట్రంలో 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు ముగిసింది. 2025 డిసెంబరు ఎన్నికల దాకా ప్రత్యేకాధికారులే ఉన్నారు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం గ్రాంటు విడుదల కాదు. ఆ కాలంలో చేతిలో డబ్బు లేక ఎంతమంది కార్యదర్శులు సొంత జేబులోంచి డీజిలు కొట్టించారో వెనక కూర్చున్నవాళ్లు చెబుతారు. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఆర్థిక సంఘం నిధులను పాత కరెంటు బకాయిల కింద జమ చేసుకున్నప్పుడు సర్పంచులు పార్టీలకు అతీతంగా రోడ్డెక్కారు. వాళ్ల కోపం న్యాయమైనది. ఊరి పేరు మీద వచ్చిన డబ్బు ఊరి తీర్మానం లేకుండా పోకూడదు.

ఇక ఇంటి పన్ను దగ్గరికి వద్దాం. ఓట్లు పోతాయని భయపడి సర్పంచులు ముందుగా వదిలేసేది దీన్నే. ఊళ్లో పెద్ద మేడలకు పాత పెంకుటింటి కొలతలే ఇప్పటికీ, ఎవరు ఎంత పన్ను కట్టాలో రాసే డిమాండు రిజిస్టరులో ఉంటాయి. రోడ్డు పక్కన నాలుగు దుకాణాలు కట్టి అద్దెకిచ్చినవాళ్లది నివాస గృహం కిందే ఉంటుంది. బకాయిల జాబితా చూస్తే పేదవాళ్ల పేర్లు తక్కువ. రెక్కాడితే గానీ డొక్కాడని మనిషి బిల్లు కలెక్టరు గుమ్మంలోకి రాగానే అప్పో సప్పో చేసి కట్టేస్తాడు. ఏళ్ల తరబడి కట్టనివాళ్లు మాట చెల్లేవాళ్లు. ఆ జాబితాలో మొదటి పేరు మీదే అయితే, రేపు ఉదయమే కట్టి రసీదు తీసుకుని, ఆ తర్వాతే ఇంకొకరి గుమ్మం తొక్కండి. పాలకవర్గం సభ్యులందరూ ముందు తమ ఇంటి పన్ను కట్టి ఆ రసీదులు పంచాయతీ గోడమీద అంటించిన ఊళ్లో వసూలు ఎలా పెరుగుతుందో నేను చూశాను.

మీరు వసూలు చేసే పన్నులో గ్రంథాలయాల వాటా కూడా ఉంది. రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను. అది పంచాయతీ సొమ్ము కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చాలా పంచాయతీలు వసూలు చేస్తాయి, కట్టవు. మన పిల్లలు పోటీ పరీక్షలకు చదువుకునే గదిలో కుర్చీలు లేవంటే అందులో మన బాధ్యత కూడా ఉందని గుర్తుంచుకోండి.

పన్ను గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, అది ఆదాయం మాత్రమే కాదు. పైనుంచి వచ్చిన డబ్బు పోతే ఊరు పట్టించుకోదు. సర్కారు సొమ్ము, ఎవరో తిన్నారు అనుకుంటుంది. తన జేబులోంచి 800 రూపాయలు కట్టిన మనిషి మాత్రం మా వీధిలో దీపం ఎందుకు వెలగడం లేదని నిలదీస్తాడు. ఆ నిలదీత మీకు ఇబ్బందిగా ఉంటుంది. కానీ మిమ్మల్ని కాపాడేదీ అదే. లెక్క అడిగే ఊళ్లో కాంట్రాక్టరు ఆటలు సాగవు, పై అధికారి మీ చేత తప్పుడు బిల్లు పెట్టించలేడు. ఊరు ఒప్పుకోదండీ అని మీరు ధైర్యంగా చెప్పవచ్చు.

వరంగల్ దగ్గర గీసుగొండ మండలంలో గంగదేవిపల్లి ఉంది. మీలో కొందరు చూసే ఉంటారు. ఆ ఊరి పేరు దేశమంతా వినిపించడానికి పెద్ద గ్రాంటు కారణం కాదు. నీటికి ఒక కమిటీ, పారిశుద్ధ్యానికి ఒక కమిటీ, ఇలా ఒక్కో పనికి ఒక్కో కమిటీ పెట్టుకుని ఇంటి పన్ను పూర్తిగా వసూలు చేసుకున్నారు. కమిటీలో కూర్చున్నవాడికి ఆ పద్దులో ఎంత ఉందో, ఎంత ఖర్చయిందో తెలిసి తీరాలి. అంటే ఊళ్లో లెక్క తెలిసిన మనుషులు ఇద్దరు ముగ్గురు ఉండే చోట పదుల సంఖ్యలో తయారయ్యారు. తమిళనాడులో కోయంబత్తూరు జిల్లా ఓడందురై పంచాయతీ ఇంకో అడుగు ముందుకు వేసింది. కరెంటు బిల్లు భారమవుతోందని 2006లో సుమారు కోటీ 55 లక్షల రూపాయలతో సొంతంగా 350 కిలోవాట్ల గాలిమర కొనుక్కుంది. కొంత పంచాయతీ పొదుపు, మిగతాది బ్యాంకు అప్పు. ఊరి అవసరం పోను మిగిలిన విద్యుత్తును విద్యుత్ బోర్డుకు అమ్మి అప్పు తీర్చుకున్నారు. ఏ బ్యాంకయినా ఒక పంచాయతీకి అంత అప్పు ఇచ్చిందంటే దాని లెక్కల పుస్తకాలు సరిగ్గా ఉండి తీరాలి కదా! గాలిమర సంగతి అందరూ చెబుతారు. నాకు ఆ పుస్తకాల మీదే గౌరవం.

ఇప్పుడు ఖర్చు వైపు వద్దాం. ఇక్కడ కొంచెం సేపు ఆగుతాను, ఎందుకంటే సర్పంచులు ఇరుక్కునేది ఇక్కడే. ఒక సీసీ రోడ్డు తీసుకోండి. పొడవు 100 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, మందం 15 సెంటీమీటర్లు. గుణిస్తే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. కొలతల పుస్తకంలో 45 అని రాసి, అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) సంతకం పెట్టి, ఆయన పై అధికారి డీఈ ఆ కొలతలను మళ్లీ సరిచూసి (చెక్ మెజర్‌మెంటు) బిల్లు పైకి పోతుంది. అసలు పనిలో మందం 10 సెంటీమీటర్లే వేస్తే పోసింది 30 ఘనపు మీటర్లు. పదిహేను ఘనపు మీటర్లు మాయం. ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు లెక్కన 120 బస్తాలు, దానికి తగ్గ కంకర, ఇసుక పోయాయి. పైనుంచి చూస్తే రోడ్డు నున్నగా ఉంటుంది. రెండు వర్షాకాలాలు గడిచి, వరికోత మిషన్లు నాలుగుసార్లు తిరిగితే పగుళ్లు మొదలవుతాయి. అప్పటికి బిల్లు ఎప్పుడో ఎత్తేసి ఉంటారు.

దీన్ని పట్టుకోవడానికి ఇంజినీరింగ్ చదవనక్కరలేదు. కాంక్రీటు పోసేముందు రోడ్డు రెండు అంచుల్లో ఇనుప చానెళ్లు బిగిస్తారు. వాటి లోపలి ఎత్తు టేపుతో కొలవండి. 15 ఉందా లేదా చూడండి. అంచుల్లో 15 ఉంచి మధ్యలో మట్టి ఎత్తు పెంచే పద్ధతి కూడా ఉంది. అందుకే ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక తాడు బిగించి కట్టి, నడిమధ్యలో తాడు నుంచి నేలదాకా కొలవండి. ఆ వార్డు సభ్యురాలు, ఆ వీధిలో ఉండే ఇద్దరు ఆడవాళ్లు, ఒక కాలేజీ కుర్రవాడు నిలబడి కొలిస్తే చాలు. కొలిచినట్టు ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. కాంక్రీటు పోశాక వెంటనే ప్రక్కల మట్టి పోసేస్తే తర్వాత కొలవాలంటే రోడ్డు తవ్వాల్సి వస్తుంది. కాబట్టి కొలత అయ్యేదాకా అంచులకు మట్టి పోయనివ్వకండి. ఈ ఒక్క అలవాటు మీ ఊళ్లో పాతుకుంటే, నేను ఇవాళ ఇక్కడికి వచ్చినందుకు ఫలితం దక్కినట్టే.

చిన్న కొనుగోళ్ల దగ్గర కూడా ఇలాంటిదే జరుగుతుంది. బ్లీచింగ్ పౌడరు, వీధి దీపాలు, పైపు సామాను. ఇవి ఆడిట్ అభ్యంతరాల్లో ఏటా వచ్చే పేర్లు. బిల్లు ఉంటుంది, దుకాణం ముద్ర ఉంటుంది, స్టాకు రిజిస్టరు ఉండదు. ఒక పంచాయతీలో 40 వీధి దీపాలు కొన్నట్టు వోచరు ఉంది. ఏ స్తంభానికి బిగించారని అడిగితే కార్యదర్శికి తెలియదు, సర్పంచికి తెలియదు. నిజానికి దీపాలు కొన్నారు, బిగించారు కూడా. సాయంత్రం వీధుల్లో తిరిగితే వెలుగుతూనే ఉన్నాయి. కానీ స్తంభం నంబరు రాసిపెట్టుకోలేదు. ఏ తప్పూ చేయని ఆ సర్పంచు పదవి దిగిపోయాక కూడా ఆ అభ్యంతరానికి సమాధానాలు రాస్తూ ఆఫీసుల చుట్టూ తిరిగాడు. కొన్న ప్రతి వస్తువూ రిజిస్టరులోకి ఎక్కాలి, ఎక్కడ వాడారో పక్కన రాయాలి, రాసినవాళ్లు సంతకం పెట్టాలి. ఒక పని విలువను టెండరు పరిమితి కిందికి తేవడానికి రెండు మూడు ముక్కలు చేసి టెండరు లేకుండా నామినేషన్ మీద ఇచ్చేయడం కూడా మానుకోండి. అది ఆడిటరుకు మొదటి పేజీలోనే కనబడుతుంది.

ఆడపడుచులకు ప్రత్యేకంగా ఒక మాట. ఈ హాలులో సగం మంది మహిళలు ఉన్నారు. మీలో కొందరి పక్కన భర్తలు కూర్చున్నారు. వారు ఏమీ అనుకోకూడదు, నేను చట్టమే చెబుతున్నాను. చెక్కు మీద సంతకం సర్పంచుది, ఉపసర్పంచుది. ఆన్‌లైన్ చెల్లింపుల్లో ఒకరు బిల్లు తయారు చేస్తే మరొకరు డిజిటల్ సంతకంతో ఆమోదించాలి. ఆ డిజిటల్ కీ మీ మెడలో తాళిబొట్టంత జాగ్రత్తగా మీ దగ్గరే ఉండాలి, అమ్మా. కంప్యూటర్ ఆపరేటరు దగ్గర వదిలేసినా, భర్త జేబులో పెట్టినా, రేపు డబ్బు తిరిగి కట్టమని రికవరీ నోటీసు వచ్చేది మీ పేరుకే. చదువు రాదని సంకోచించకండి. బిల్లు చదివి వినిపించమని అడగండి. ఎంత, ఎవరికి, ఏ పనికి, ఏ తీర్మానం ప్రకారం అని అడిగి, నాలుగింటికీ జవాబు వచ్చాకే ఆమోదించండి. జవాబు చెప్పడానికి చిరాకుపడేవాళ్ల బిల్లు ఇంకో రోజు ఆగుతుంది, ఫరవాలేదు.

గ్రామసభ విషయం. మన 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారి సభ జరగాలి. ఎలా జరుగుతున్నాయో మీకు నేను చెప్పనక్కరలేదు. సంతకాల పుస్తకం ఇంటింటికీ తిరుగుతుంది, సభ మాత్రం జరగదు. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానా అనే ఊళ్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం వాళ్లు ఒక బహిరంగ విచారణ పెట్టారు. పెద్ద ఉపన్యాసాలేమీ లేవు. ఊళ్లో జరిగిన పనుల మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు జనం ముందు గట్టిగా చదివారు. నా పేరు ఉందా, నేను ఆ పనికే పోలేదే అని ఒకరు లేచారు. అక్కడినుంచి మొదలైన ఉద్యమమే 2005లో సమాచార హక్కు చట్టం దాకా నడిచింది. ఉపాధి హామీ చట్టంలో సామాజిక తనిఖీ, అంటే జనమే లెక్కలు సరిచూసే పద్ధతి, చేరింది. దాన్ని రాష్ట్రమంతటా పట్టుదలతో నడిపి దేశానికి చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. 2009లో దానికి ప్రత్యేక సంస్థనే ఏర్పాటు చేశారు. కూలీల ఇళ్ల పిల్లలే శిక్షణ తీసుకుని రికార్డులు పట్టుకుని ఊరూరా తిరిగి, మస్టరులో ఉన్న పేరును మనిషితో సరిచూశారు. ఆ చరిత్ర మనది.

ఆ పద్ధతినే మీ గ్రామసభకు తెచ్చుకోండి. ఎజెండాలో మొదటి అంశం గత రెండు నెలల జమాఖర్చులు చదవడం. అన్నీ చదవండి, చిన్నదని ఏదీ వదలొద్దు. సభ ఉదయం పదకొండు గంటలకు పెడితే కూలికి పోయినవాళ్లు రారు. సాయంత్రం ఏడింటికి, దీపాల వెలుగులో, ఒకసారి దళితవాడలో, ఒకసారి తండాలో పెట్టండి. ప్రతిసారీ పంచాయతీ ఆఫీసు ముందే పెడితే కొందరు ఎప్పటికీ అక్కడి మెట్లెక్కరు. ఆర్థిక సంఘం నిధులకు వార్షిక ప్రణాళిక ఈ-గ్రామ్ స్వరాజ్ అనే వెబ్‌సైటులో ఎక్కించాలని మీకు తెలుసు. అందులో లేని పనికి ఆ నిధి నుంచి చెల్లింపు ఉండదు. ఆ ప్రణాళికను కార్యదర్శి ఒక్కడూ గదిలో కూర్చుని గత ఏడాదిది చూసి నింపితే, మీ ఊరి అవసరం ఏడాదిపాటు బయటే ఉండిపోతుంది. ఇంకొకటి: ఆ వెబ్‌సైటులో ఏ పంచాయతీకి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది ఎవరైనా ఫోనులో చూడవచ్చు. దుబాయిలో ఉన్న మీ ఊరి కుర్రవాడు కూడా చూస్తాడు. అతను చూసి అడిగేలోపే మీరే గోడ మీద రాసి పెట్టడం మర్యాద.

(సభలోంచి ఒక సర్పంచు ప్రశ్న: పాత సర్పంచు చేసిన పనుల బిల్లులే ఇంకా రాలేదంటున్నారు. జనం పనులు చేయమని అడుగుతున్నారు. సొంత డబ్బు పెట్టి చేసి, తర్వాత బిల్లు పెట్టుకోవచ్చా?)

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. నా సమాధానం సూటిగా ఉంటుంది. పెట్టకు. ఊరి మీద ప్రేమతోనే అడుగుతున్నావని తెలుసు. పాత సర్పంచులు కూడా ప్రేమతోనే, లేదా పై ఒత్తిడితో, పుస్తెలు తాకట్టు పెట్టి, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పనులు చేశారు. పదవి పోయాక బిల్లుల కోసం ధర్నాలు చేయాల్సి వచ్చింది. వాళ్లకు రావలసింది ప్రభుత్వం చెల్లించి తీరాలి, అది వేరే సంగతి. నువ్వు మాత్రం పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు, తీర్మానం, పద్దులో డబ్బు, ఈ నాలుగూ కాగితం మీద చూశాకే పని మొదలుపెట్టు. ఎవరైనా ఫోను చేసి ముందు మొదలుపెట్టండి, తర్వాత చూసుకుందాం అంటే, రాతపూర్వకంగా ఇవ్వమని అడుగు. జనానికి కూడా దాచకుండా చెప్పు: ఇంత డబ్బు ఉంది, ఇంత పని అవుతుంది, మిగతాది పన్ను వసూలైతే చేద్దాం. మొదట్లో గొణుగుతారు. క్యాష్ బుక్కు వాళ్ల ముందు తెరిచి పెట్టి చెబితే నమ్ముతారు.

(మరొక సభ్యురాలు: పెద్దవాళ్ల ఇంటి బకాయి అడగాలంటే భయంగా ఉంటుంది సార్.)

ఉంటుందమ్మా. ఒక్కదానివే వెళ్లకు. పాలకవర్గం మొత్తం కలిసి వెళ్లండి, డిమాండు నోటీసు చేతికిచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. అందరికీ ఒకే నోటీసు, ఒకే గడువు. ఒకరికి మినహాయింపు ఇచ్చారంటే మిగతావాళ్ల దగ్గర అడిగే హక్కు పోతుంది.

భోజనం అయ్యాక లెక్కల పని చేద్దాం. డిమాండు రిజిస్టరు, క్యాష్ బుక్కు వెంట తెచ్చుకోమని ముందే కబురు పెట్టారు. తెచ్చినవాళ్లు ముందు వరుసలోకి రండి. మీ ఊళ్లో మూడేళ్లు దాటిన బకాయిలు ఎవరివో, ఎంతో ఒక తెల్ల కాగితం మీద రాసుకుని కూర్చోండి. అక్కడినుంచి మొదలుపెడదాం.